పైపులోకి పంపిన తడిగుడ్డ

దెయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. నేను కరెంటు పని చేస్తాను. కంటికి కనబడకుండా మనిషి ప్రాణం తీసేది నాకు తెలిసి అదొక్కటే. దానికైనా టెస్టర్ పెడితే జాడ తెలుస్తుంది. జాడ దొరకనిదాన్ని నేను ఎప్పుడూ నమ్మలేదు. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మాది సారపాక. నా భర్త స్యామేలు వైర్‌మన్. చర్చికి లైట్లు కడుతూ నిచ్చెన మీద నుంచి పడి నడుము దెబ్బ తినేనాటికి, పదేళ్లుగా నేను ఆయన వెంట తిరిగి వైర్లు అందిస్తున్నాను. ఒప్పుకున్న పనులు సగంలో ఉండిపోయాయి. ఆయన మంచం మీద నుంచి ఫోన్లో చెబుతుంటే నేను పూర్తి చేశాను. మెల్లగా ఫోన్ అవసరం తగ్గింది. ఇప్పుడు ఇళ్లవాళ్లు నన్నే పిలుస్తారు.

సమ్మయ్యగారి ఇల్లు పాల్వంచ దారిలో, అడవి మొదలయ్యే ఊళ్లో ఉంది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు. భార్య రాజమ్మ, ఆయన, ఇద్దరే ఉంటారు. నేను పోవడానికి ముందటి వానాకాలం పైన తడిసిన గోడ ముట్టుకుంటే రాజమ్మకు షాకు కొట్టిందట. అప్పటి నుంచి పై అంతస్తుకు కరెంటు తీసేశారు. ఇల్లంతా కొత్తగా వైరింగ్ చెయ్యాలని నన్ను పిలిచారు.

నన్ను చూడగానే రాజమ్మ మొహం మాడ్చుకుంది. "ఆడపిల్లవు, గోడలు పగలగొడతవా?" అంది. పగలగొట్టకుండా చెయ్యడమే పని అని చెప్పాను.

మూడు రోజుల్లో గదులన్నీ అయిపోయాయి. మిగిలింది కింది బోర్డు నుంచి పై బోర్డుకు మెయిన్ లైను ఎక్కించడం. గోడలో అంగుళం పైపు ఉంది. అది కింది గోడలో నిటారుగా పోయి, స్లాబు దాటి, పై గోడలో ఉన్న బాక్సులో తేలుతుంది. మొత్తం పదిహేను అడుగులు మించదు. పాత వైర్లకు కొత్తవి కట్టి లాగుదామనుకున్నాను. కానీ పాతవి మధ్యలో కాలి తెగిపోయి ఉన్నాయి. పై ముక్క పైకి, కింది ముక్క కిందికి వచ్చాయి.

ఇక స్ప్రింగే దారి. వైర్లు లాగడానికి మేము పైపులోకి తోసే సన్నటి ఉక్కు తీగ అది. నా దగ్గరున్నది వంద అడుగులది. రాజమ్మను పై బాక్సు దగ్గర నిలబెట్టి కింద నుంచి తోశాను.

నున్నగా పోయింది. పదిహేను అడుగులు పోయింది. "వచ్చిందా పెద్దమ్మా?" అని అరిచాను. "ఏం రాలే బిడ్డా" అంది. ఇంకా తోశాను. ఇరవై, ముప్పై, యాభై. అంగుళం పైపులో తీగ చుట్టుకోవడానికి చోటుండదు. అయినా పోతూనే ఉంది. చివరికి నా చేతిలో మూరెడు మిగిలింది.

వెనక్కి లాగాను. కొస పదడుగులు నల్లటి పొడి పట్టి ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, గోడలు కాలిపోతున్నాయి. ఆ కొస మాత్రం చల్లగా ఉంది.

పైకెక్కి పై నుంచి తోశాను. స్లాబు దగ్గర రాయికి తగిలినట్టు ఆగిపోయింది.

ఇంకొకరైతే గోడ బయట నుంచి పట్టీ కొట్టి వైరు ఎక్కించేవారు. సమ్మయ్యగారూ అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారణం తెలియని గోడలో కరెంటు పెట్టి పోవడం నాకు చేతకాదు. ఉలి, సుత్తె తీసుకుని, స్లాబు కింద జానెడు గోడ తీసి పైపుకు కిటికీలా కోశాను. పైన కూడా నేలకు ఆనుకుని అలాగే కోశాను. మధ్యలో మిగిలింది ఐదంగుళాల స్లాబు.

మళ్లీ తోశాను. కింది కిటికీలో తీగ పైకి పోవడం నా కళ్లతో చూశాను. పై కిటికీలో రాజమ్మ వేలు పెట్టి చూసింది. ఏమీ రాలేదు. ఈసారీ వంద అడుగులు పోయింది. యేసయ్యా అనుకుంటూనే లాగాను. మళ్లీ నల్ల పొడి.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్న సమ్మయ్యగారు లేచి వచ్చారు. పొడిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. నేలమీద కూలబడి, "ఇది బాయిల బొగ్గు బిడ్డా" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆయన వయసులో ఉన్నప్పుడు, పనిలో ఉండగా పైకప్పు కూలింది. ఆయన ఇవతల, జతగాడు కొమురయ్య అవతల. మనిషి బతికే ఉన్నాడు. గాలి కోసం రాళ్ల సందులోంచి ఒక సన్న పైపు తోశారట. అందులోంచి కొమురయ్య మాట వినపడిందట.

"సమ్మన్నా, దూప అయితాంది, నీళ్లు పంపు అన్నడు. పైపు నా దిక్కు నుంచి మీదికి ఉండె, పోస్తే నీళ్లు ఇటే వస్తున్నయి. తువ్వాల చింపి, తడిపి, చువ్వకు కట్టిన. తోసేలోపే మళ్లా కూలింది. గుడ్డ నా చేతిలనే ఉండిపోయింది."

రాజమ్మ మెట్ల మీద నిలబడి వింటోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గుడ్డ సంగతి ఆమెకూ చెప్పలేదట.

ఆయన లోపలికి పోయి తన తువ్వాల కొసను సన్నగా చింపారు. బిందెలో ముంచి తెచ్చి, "కట్టు బిడ్డా" అన్నారు. నీళ్లు కారుతున్నాయి. వద్దు పెద్దయ్యా అని నా నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి అనలేకపోయాను. స్ప్రింగ్ కొక్కేనికి గట్టిగా రెండు ముళ్లు వేసి కట్టాను. మెయిన్ ఆఫ్‌లో ఉందని మరోసారి టెస్టర్‌తో చూసి తోశాను.

మొత్తం పోయింది. సమ్మయ్యగారు కింది కిటికీ దగ్గర నోరు పెట్టి, పక్కవాడిని పిలిచినట్టు మామూలుగా అన్నారు.

"కొమురన్నా, నీళ్లు."

రెండు నిమిషాలు ఆగాం. పైపులోంచి ఏ శబ్దమూ రాలేదు. అటు నుంచి తీగను ఎవరూ లాగలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆయన తల ఊపితే వెనక్కి లాగాను.

ముళ్లు అలాగే ఉన్నాయి. గుడ్డ ఎండిపోయి ఉంది. పిండినట్టు మెలితిరిగి ఉంది. దాని మీద బొగ్గు మరకలు, ఒక పక్క నాలుగు, ఇంకో పక్క ఒకటి. సమ్మయ్యగారు వాటి మీద తన వేళ్లు ఆనించి చూసుకున్నారు. "వాని చెయ్యి పెద్దది" అని ఏడ్చేశారు. రాజమ్మ దిగివచ్చి ఆయన పక్కన కూర్చుంది.

నాకు పారిపోవాలనిపించింది. కానీ తెరిచిన గోడ, కాలిన వైర్లు వదిలి పోతే ఆ ముసలివాళ్లు ఏం చేస్తారు? కళ్లు తుడుచుకుని, స్ప్రింగ్ తుడిచి, ఇంకోసారి తోశాను. పదమూడు అడుగుల దగ్గర పై బాక్సులో టక్కున తగిలింది. పైన చూసేవాళ్లు ఎవరూ లేకపోవడంతో నేనే పరుగెత్తి చూశాను. కొస బయటికి వచ్చి ఉంది, శుభ్రంగా.

వైర్లు కట్టి లాగాను. కోసిన చోట్ల పైపు అతికి సిమెంటు పూశాను. పొద్దు ఉండగానే పైన లైట్లు వెలిగాయి.

స్యామేలుకు చెబితే కొట్టిపారేశాడు. ఇటుకలు బూడిదతో చేసినవి అయి ఉంటాయి, ఆ నల్ల పొడి వాటిదే, రాపిడికి గుడ్డలో నీళ్లు పోయి ఉంటాయి అన్నాడు. బూడిద ఇటుక నేనూ చూశాను, దాని పొడి తెల్లబూడిద రంగులో ఉంటుంది. రాపిడి సంగతి తేల్చుకుందామని ఇంటి వెనక అంగుళం పైపులు అతికించి, తడిగుడ్డ కట్టి, వంద అడుగులూ తోసి లాగాను. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ గుడ్డ తడిగానే వచ్చింది. స్యామేలు మంచం మీద నుంచి చూశాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఒక ఫ్యాను బిగించడానికి ఆ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఇద్దరూ పైనే పడుకుంటున్నారు. ఆయన రాత్రిళ్లు కలవరించడం మానేశారని రాజమ్మ నాతో గుసగుసగా చెప్పింది. ఆ గుడ్డను ఉతకనివ్వడం లేదట.

ఐదంగుళాల స్లాబులో అంత తీగ ఎటు పోయిందో నాకు తెలియదు. ఆ పైపును కోసింది నేను, అతికింది నేను. లోపల ఏముందని ఎవరైనా అడిగితే మూడు వైర్లు అని చెబుతాను. అంతకు మించి చెప్పడం నాకు రాదు.