ఖుర్దాద్ నెలలో వేయించుకున్న సూది

మా అమ్మను బదరీనాథ్ తీసుకువెళ్ళిన ప్రయాణం గురించి మా ఇంట్లో ఇప్పటికీ తలా ఒక విధంగా చెప్పుకుంటారు. ఋషీకేశంలో పోలీసులు నన్ను పట్టుకున్నారని మా చెల్లెలి పిల్లలు చెప్పుకుని నవ్వుతారు. ఏ పోలీసూ నన్ను పట్టుకోలేదు. ఆనాటి నోటుబుక్కు నా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు, నా తప్పుతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

యాభైల తొలి సంవత్సరాలవి. పురానాపూల్ దగ్గర కాపురం, సర్కారు దఫ్తరులో గుమాస్తా నౌకరీ. అంతకు ముందటి ఏడు విషజ్వరంతో నేను మూడు వారాలు మంచాన పడ్డాను. అప్పుడు అమ్మ మొక్కుకుంది: నేను లేచి తిరిగితే బదరీనాథుని దర్శనానికి వస్తానని, మా గడప దాటినది మొదలు దర్శనం అయ్యేదాకా అన్నం ముట్టనని. ఆ గడపకూ ఆ గుడికీ మధ్య ఎంత నేల ఉందో ఆమెకు తెలియదు. మూసీ దాటితేనే ఊరు దాటినట్టు ఆమెకు. నాకు తెలుసు. తెలిసి కూడా మొక్కు సడలించుకొమ్మని అడగలేకపోయాను. ఆ మొక్కుతో బతికినవాణ్ణి నేనే కదా.

అమ్మ, నా భార్య, నాలుగేళ్ళ కూతురు, నేను నాంపల్లిలో బండెక్కాం. కాజీపేటలో ఢిల్లీ బండికి మారాం. మూడో తరగతి పెట్టెలో అమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. నేను ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. వేసవి వడగాలికి కిటికీ ఊచలు కూడా కాలుతున్నాయి. అమ్మ ఆహారమంతా బెల్లం కలిపిన పేలపిండి, పండ్లు, దొరికినచోట పాలు. నేను స్టేషను పేరు, బండి చేరిన వేళ, పక్కనే అమ్మ తిన్నది రాస్తూ పోయాను. నాగపూర్: అరటిపండు ఒకటి, పిండి రెండు పిడికిళ్ళు. ఇటార్సీ: పాలు సగం గ్లాసు. ఝాన్సీ: ఏమీ లేదు.

"ఆ బుక్కుల రాస్తె అత్తమ్మ కడుపు నిండుతదా?" అంది నా భార్య.

"రాయనీ బిడ్డా," అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. "రాయకుంటె వాని కడుపుల గడబిడైతది."

ఢిల్లీలో ఒక పగలంతా ప్లాట్‌ఫారం మీద గడిపి హరిద్వారం బండెక్కాం. అక్కడ ఒక రోజు ఆగి బస్సులో ఋషీకేశం చేరేసరికి ఇల్లు వదిలి ఆరో రోజు. బస్సు దిగుతూ అమ్మ నా భుజం పట్టుకుంది. ఆ చేతిలో బరువే లేదు.

కలరా సూది వేయించుకున్నట్టు కాగితం చూపితే తప్ప యాత్రికులను కొండ మీదికి పోనివ్వరు. ఒక రేకుల షెడ్డులో యువకుడైన డాక్టరు, ఆయన పక్కన నెరిసిన గడ్డపు కాంపౌండరు కాగితాలు చూస్తున్నారు. వరుసలో ముందున్నవాళ్ళు కాగితం కోసం మూటలు విప్పుకుంటుంటే నాకు చిరాకు వేసింది. మావి నాలుగు కాగితాలు, మైనంగుడ్డలో, వయసుల వరుసలో ఉన్నాయి.

కాంపౌండరు దేశవిభజనలో పంజాబు నుంచి వచ్చినవాడు. మా కాగితాల్లోని ఉర్దూ ధారాళంగా చదివాడు. "వాహ్! ఏమి దస్తూరీ!" అని మెచ్చుకున్నాడు కూడా. తారీఖు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఖుర్దాద్ నెల. సంవత్సరం పదమూడు వందల చిల్లర."

"పదమూడు వందలా?" అన్నాడు డాక్టరు హిందీలో. "ఈ ముసలమ్మకు ఏ సుల్తాను కాలంలో సూది వేశారయ్యా?"

వరుసంతా నవ్వింది. అది ఫస్లీ తారీఖు. నిజాం కాలంలో మా దఫ్తర్లన్నీ ఆ నెలల మీదే నడిచాయి. సర్కారు దాన్ని తీసివేసి ఇంగ్లీషు తారీఖే రాయాలని హుకుం పంపింది. ఆ హుకుం వచ్చాక కూడా పాత తారీఖు వేసిన తోటి గుమాస్తాల కాగితాలకు ఎర్రసిరాతో సున్న చుట్టి వెనక్కి పంపింది సాక్షాత్తు నేనే. అయితే మా గల్లీ దవాఖానలో ఆ రోజు జనం కిటకిటలాడుతుంటే అక్కడి కాంపౌండరు, "మున్షీ సాబ్, మీ కాగితాలు మీరే రాసుకోండ్రి, నేను దస్కత్ జేస్త" అని కలం నా చేతికిచ్చాడు. ఇన్నేళ్ళ అలవాటు ఆ కలంలోంచి దిగిపోయింది. నాలుగు సార్లూ దిగింది.

నేను తగ్గలేదు. నోటుబుక్కు తీసి, ఆజుర్ నుంచి ఆబాన్ దాకా పన్నెండు ఫస్లీ నెలలు, వాటికెదురుగా ఇంగ్లీషు నెలలు పట్టిక వేసి డాక్టరు ముందు పెట్టాను. ఖుర్దాద్ అంటే మొన్నటి ఏప్రిలే అని కింద గీత గీశాను.

ఆయన పట్టికను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. "రెండూ ఒకే చేతిరాత. సర్టిఫికెట్టు నువ్వే రాసుకున్నావు, సాక్ష్యమూ నువ్వే రాస్తున్నావు."

"నా నౌకరీలో ఇంతవరకు నా రాతను శంకించినవాడు లేడు!" అని అరిచాను.

"ఇప్పుడు ఒకడున్నాడు," అన్నాడాయన. నలుగురికీ మళ్ళీ సూది, ఆపైన ఐదు రోజులు ఇక్కడే మకాం, లేకుంటే వచ్చిన దారి పట్టడమే అని తేల్చాడు.

ఇంకా ఐదు రోజులు పేలపిండి మీద! ఆ తరువాత బస్సు, బస్సు ఆగిన చోటి నుంచి నడక. జాలి కలుగుతుందేమోనని అమ్మ మొక్కు సంగతి చెప్పాను. అది నా రెండో తప్పు. ఆయన లేచి వచ్చి అమ్మ కనురెప్ప దించి చూశాడు, నాడి పట్టుకున్నాడు.

"ఈ స్థితిలో సూది వేయను. సూది లేకుండా పోనివ్వను. ముందు అన్నం పెట్టు, లేదా ఇంటికి తీసుకుపో."

అమ్మ పరుపుచుట్ట మీద కూర్చుని ఉంది. "ఏమంటుండ్రా?" అంది. చెప్పాను. చెప్పి, "వాపస్ పోదామమ్మా," అన్నాను.

"ఎందుకు?"

"అన్నం తింటె మొక్కు తప్పుతది గదనే."

"నిన్ను మంచం మీదికెళ్ళి లేపినోడు నా నోటి కాడ ముద్ద లెక్కవెడ్తడా? గా లెక్క నువ్వు వెడ్తవు, ఆయన వెట్టడు," అంది. కోడలి వైపు తిరిగి, "బిడ్డా, అన్నం యాడ దొరుకుతదో జూడు. జర మెత్తగ ఉండాలె," అంది.

ఎదుటి ధర్మశాల నుంచి నా భార్య విస్తరిలో అన్నం, పలచని పప్పు తెచ్చింది. అమ్మ మొదటి ముద్దను చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరుకుంది. పెదవులు కదిలాయి. ఏం చెప్పుకుందో మేము అడగలేదు. తరువాత ముద్ద వెంట ముద్ద, విస్తరి ఖాళీ చేసింది.

మరునాడు సూది వేశారు. ఆ సాయంత్రమే అమ్మకు జ్వరం వచ్చింది. మూడు రోజులు తగ్గలేదు. ధర్మశాల వసారాలో తడిగుడ్డ మార్చుతూ నేను ఒక్కటే ఆలోచించాను: ఈమె ఇక్కడే పోతే, దర్శనం లేకుండా, నా కోసం పట్టిన మొక్కు నా మూలంగానే విడిచి పోతుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలన్నా చివరికి నా చేతిరాతే ఎదురు వచ్చేది. ఆ మూడు రోజుల పుటలు నోటుబుక్కులో తెల్లగానే ఉన్నాయి.

నాలుగో రోజు చెమట పట్టింది. గడువు తీరిన తెల్లవారి మమ్మల్ని కొండ బస్సు ఎక్కనిచ్చారు. ఒక పక్క లోయ, ఒక పక్క రాయి. ప్రతి మలుపు దగ్గర నేను అమ్మ మణికట్టు పట్టుకుని వేడి చూస్తున్నాను. ఎన్నో మలుపులోనో ఆమె నా చేయి విదిలించింది.

"ఊకూకె ఏం జూస్తవురా? నేను యాడికి పోతలేను. ఆకలైతుంది, గా అన్నం పొట్లం ఇటియ్యి."