గుడ్డ కూడా పోట్లాడాలన్న సుబ్బరాయాచారి సారు

మా సుబ్బరాయాచారి సారు ఇక లేరన్న వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. ఆ దుఃఖం తీరకముందే మరో కబురొచ్చింది. నంద్యాల కళాశాలలో ఆయన ప్రయోగశాల గది ఖాళీ చేయాలట, అందులోని యంత్రం ఎవరికీ పనికిరాదట. అందుకే ఈ నాలుగు మాటలు కన్నీళ్లతో కాదు, కోపంతో రాస్తున్నాను.

ఆళ్లగడ్డ శిల్పుల ఇంట పుట్టిన మనిషి ఆయన. తండ్రి చేతికి ఉలి తగిలి, గాయం చీము పట్టి, చివరికి రెండు వేళ్లు తీసేశారు. ఆ చేయి మళ్లీ విగ్రహం చెక్కలేదు. రసాయనశాస్త్ర అధ్యాపకుడైనా సారు ఆ వేళ్లను మరువలేదు. "గాయానికి గుడ్డ కడితే సాలదమ్మా, ఆ గుడ్డ గూడా పోట్లాడల్ల" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పాత టీవీ భాగాలతో, ఒక సిరంజితో ఆ యంత్రం కట్టారు. సూదిమొనకు కరెంటు పెడితే, రొయ్యపొట్టు నుంచి తీసిన పదార్థాన్ని ఆమ్లంలో కరిగించిన ద్రావణం కంటికి ఆనని నానోపోగులై రేకు మీద పరుచుకునేది. వాటిలో వెండి కణాలు కలిపి, గాయంలోని సూక్ష్మజీవులను సంహరించాలన్నది ఆయన తపస్సు.

నేను ఆయన దగ్గర పరిశోధన విద్యార్థినిగా ఉండగా, ఒకసారి గాజుపళ్లెంలో మా వెండిపోగుల గుడ్డముక్క చుట్టూ సూక్ష్మజీవులు నశించాయి. నేను గంతులేశాను. సదస్సుకు పత్రం కూడా సిద్ధమైంది. సారు మాత్రం వెండి కలపని ముక్కను పెట్టి చూడమన్నారు. దాని చుట్టూ కూడా అంతే. చంపింది వెండి కాదు, పోగుల్లో మిగిలిన ఆమ్లం. ఆ వానల్లో, ఇంటికెళ్లే పాణ్యం బస్సు పోతుందని, ఆరీ ఆరని పోగులను కత్తిరించింది నేనే. తల దించుకుని ఒప్పుకున్నాను. సారు పత్రం వెనక్కి తీసుకున్నారు. కళాశాల పెద్దలు నవ్వారు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "గాయం మింద అబద్దం కట్టేది ల్యా. మళ్లా చేస్తాం" అన్నారు.

ఆ 'మళ్లా'కు నాలుగేళ్లు పట్టింది. చివరికి మామూలు ముక్క చుట్టూ సూక్ష్మజీవులు పెరిగాయి, వెండి కలిపిన ముక్క చుట్టూ పెరగలేదు. ఆ రోజు సారు ఏడ్చారు. మనుషుల గాయాల మీద కట్టాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు మిగిలాయి. ఇంతలోనే మృత్యువు ఆయనను ఎత్తుకుపోయింది.

గది తాళంచెవి అడగడానికి వచ్చినాయన, సారే లేనప్పుడు దీన్ని నడిపేదెవరని అడిగాడు.

"నేనుండాను గదప్పా" అన్నాను.

సార్, మీలాంటి గురువు నాకు మళ్లీ దొరకడు. ఆ లోటు ఈ జన్మకు తీరదు. నిన్న ఆళ్లగడ్డలో మీ పెద్దకర్మకు నేను రాలేదు. వచ్చి ఉంటే ఆలోపు గదికి తాళం మార్చేవారు. రోజంతా యంత్రం నడుపుతూ కూర్చున్నాను. ఇవాళా అక్కడే ఉంటాను, ఎవరు లేపుతారో చూస్తాను.