కలపకూడని సున్నా

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో ఉంటున్న మా చెల్లెలు ఒక శనివారం నన్ను తను నేర్చుకునే జపాన్ కుంచె బొమ్మల క్లాసుకు తీసుకువెళ్ళింది. నేర్పేది ఏనాడో జపాన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దావిడ. అందరూ ఆంటీ అనే పిలుస్తారు. మర్నాటి ప్రదర్శన కోసం ఆవిడ ఊపిరి బిగబట్టి, నల్ల సిరాతో ఒక్క గీతలో పెద్ద సున్నా చుట్టారు. చివర్లో వేలెడు సందు వదిలేసి, కుంచె పక్కన పెట్టి నీళ్ళకు వెళ్ళారు.

పాపం, సిరా అయిపోయిందేమో అనుకున్నాను. బడి మొహం చూడని నాకు అమ్మ నేర్పిన మొదటి చదువు ముగ్గే. గీత కలపకుండా వదిలితే ఇంటికి మంచిది కాదనేది. దేవుణ్ణి తలుచుకుని, కుంచె సిరాలో ముంచి ఆ సందు కలిపేశాను.

"కొంప ముంచావక్కా! అది కావాలనే వదిలారు. ఏదీ పూర్తి కాదని అర్థమట!"

ఆంటీ రాగానే చేతులు జోడించాను. చెల్లెలు ముగ్గు సంగతి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ పకపకా నవ్వి, "నో ప్రాబ్లం లా!" అని సింగపూర్ యాసలో అంటూ కొత్త కాగితం పరిచి, కుంచె నా చేతికే ఇచ్చారు.

"రేపటికి నువ్వే గియ్యాలట. సందు మాత్రం వదలాలట," అంది చెల్లెలు.

మూడు సున్నాలు గీశాను. మూడూ కలిసిపోయాయి.

"నీ చేతికి బ్రేకుల్లేవే అక్కా!"

నాలుగోసారి గీత కలవబోతుండగా ఆంటీ చటుక్కున నా మణికట్టు పట్టి పైకెత్తేశారు.

మర్నాడు గోడ మీద దాన్ని చూసి, ఇంత మంచి మనిషిని చూపించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయని చెల్లెలు చదివి చెప్పింది. సున్నా నాది, సందు ఆవిడది.