ఘాట్ మీద రాళ్లు తీసిన మా బావ

మొన్న సోమవారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయినాడురా" అనింది. గుండెనొప్పంట. నంద్యాల ఆస్పత్రికి తీసుకపోయేలోపలే అయిపోయింది. నేను ఐదో తరగతి దాకా చదివినోణ్ణి, ఇట్లాంటివి రాసే అలవాటు లేదు. కానీ సావుకాడ నాకు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తాండా.

ఆడ ఒకాయన, "పాపం నిదానం మనిషి. ఆళ్లగడ్డలో అంత నిదానంగా జీపు తోలేటోడు ఇంకొకడు లేడు. అందుకే బాడుగలు రాలేదు" అన్నాడు. నలుగురు నవ్వినారు. శవం ముందర పెట్టుకొని నవ్వినారు. తిట్టాలని నోరు తెరిచి, మూసుకున్నా. ఎందుకంటే బావను ఆ మాట మొదట అనింది నేనే.

ముప్పై ఏండ్లు ఘాట్ మీద జీపు తోలినాడు. ఎక్కేముందు నాలుగు టైర్లనూ స్పానరుతో కొట్టి, ఆ చప్పుడు చెవి పెట్టి వినేవాడు. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. మలుపు ఎంత చిన్నదైనా హారను కొట్టేవాడు. "ఎవురికప్పా కొడ్తాండావ్, కోతులకా?" అంటే, "వాటికీ పిల్లలుంటాయి కదా బామ్మర్దీ" అనేవాడు.

నంద్యాల దాటి గిద్దలూరు ఘాట్ ఎక్కినోళ్లకు ఆ దావ సంగతి తెలుసు. ఎత్తులో లారీ ఆగిపోతే, వెనక్కి జారకుండా చక్రాల కింద ఇంతింత రాళ్లు పెడ్తారు. బండి బాగయినాక ఆ రాళ్లను రోడ్డు మధ్యలోనే వదిలేసి పోతారు. వెనకొచ్చే మోటారుసైకిలోడు మలుపు తిరిగి వాటి మీద పడి సస్తే వాళ్లకేం? దిగి ఒక్క రాయి పక్కకు తోసేదానికి ఆ యదవలకు చేతులు లేవా?

మా బావకు ఉన్నాయి. రాయి కనపడితే జీపు ఆపి, దిగి, దాన్ని గట్టు దాకా మోసుకపోయి పెట్టి, చేతులు దులుపుకొని వచ్చేవాడు. "రాయి పెట్టినోడు పోయినాడు బామ్మర్దీ, రాయి పోలేదు" అనేవాడు.

నేనా మాట అనింది నా బిడ్డకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు. మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకునింది. నా సంతోషం ఎట్లా చెప్పాల? మా ఇంట్లో నెలజీతం తీసుకునే మొదటి మనిషి. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొగం తెలీనోళ్లకు కూడా చెప్పుకున్నా. స్కూలేమో ఘాట్ లోపల, అడవిలో ఒక గూడెంలో. వానకు రెండు రోజులు దావ మూసేసినారు. మూడో రోజే ఆఖరు. సాయంత్రం ఐదులోపల చేరి సంతకం పెట్టకుంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతాదన్నారు. మంచం, స్టవ్వు, బియ్యం మూట బావ జీపుకెత్తి, నేను, నా భార్య, బిడ్డ బయలుదేరినాం.

మొదటి రాయికాడ ఊరుకున్నా. రెండోదానికాడ టైం చూసుకున్నా. నాలుగోది వచ్చేసరికి మూడున్నర, అడవి దావ ఇంకా మొదలే కాలేదు.

"దిగొద్దు" అన్నా.

"రెండు నిమిషాలప్పా."

"నీ రెండు నిమిషాలు నా బిడ్డ కొంప ముంచుతాయి. ఇంత నిదానానికి బాడుగలు యాడ వస్తాయి నీకు? పోయి ఎద్దులబండి తోలుకో."

"నాయనా, ఊరుకో" అనింది బిడ్డ.

బావ దిగినాడు. రాయి తీసినాడు. వచ్చి కూర్చొని, నన్ను కాదు, అద్దంలో బిడ్డను చూసి, "రేపట్నుంచి ఈ దావన స్కూటీ మీద తిరిగేది నువ్వేనమ్మా" అన్నాడు. నాకింకా మండింది.

అడవిలో వాననీళ్లు పారే వంకకాడ రోడ్డు కొట్టుకపోయింది. రోడ్డు వేసినామని చెప్పే బోర్డు మాత్రం నిలబడే ఉంది. బోర్డు ఈడుంది సరే, రోడ్డు యాడ? జీపు ఒకపక్కకు ఒరిగితే నా భార్య వెనకనుంచి నా భుజం గట్టిగా పట్టుకునింది. బావ వంక దాటించినాడు. ఐదుకు ఇరవై నిమిషాలుండగా స్కూలు ముందర ఆపినాడు.

బిడ్డ సంతకం పెట్టింది. నేను ఏడ్చినా, నవ్వినా. తీసుకపోయిన కోవా డబ్బా విప్పి పిలకాయలకు, హెడ్మాస్టరుకు, నీళ్లిచ్చిన ముసలామెకు, ఊరికే నిలబడి చూసేటోళ్లకు కూడా పెట్టినా. బావ జీపుకాడ చేతులు కడుక్కుంటాండాడు. అరచేతులు గీసుకపోయి ఉన్నాయి. చూసినా. చూసి, డబ్బా మూసేసినా.

"అన్నకు పెట్టలేదే?" అనింది నా భార్య.

"ఆయనకు తీపి పడదులే" అన్నా. అబద్ధం.

తిరిగొచ్చేటప్పుడు కోపంతో వెనక సీట్లో కూర్చున్నా.

ఇది జరిగి రెండేండ్లు. నా బిడ్డ వారం వారం ఆ ఘాట్ మీద స్కూటీలో వస్తాంది, పోతాంది. దాన్ని చూస్తే ఇప్పటికీ నా కడుపు నిండిపోతాది. బావతో మళ్లీ మాట్లాడినా, వానల గురించి, శనగ పంట గురించి. "తప్పయింది బావా" అని మాత్రం అనలేకపోయినా. ఎదురుపడిన ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. ఆయన మీద కూడా కోపంగానే ఉంది. ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే, ఆ మాట బయటికి వచ్చేదేమో.

ఇప్పుడు బావను తల్చుకుంటే మొగం రావడంలేదు. ఆ సాయంత్రం వెనక సీట్లోనుంచి చూసిన మెడే వస్తాంది. కాలరు మీద ఎర్రమన్ను, వీపంతా చెమట. ఆయన పక్కన నేనెప్పుడూ కూర్చునే సీటు ఖాళీగా ఉంది. దాని మీద పడిన ఎండ, జీపు తిరిగిన ప్రతి మలుపుకూ కొంచెం జరుగుతాంది.