తాళం లేని డైరీ

చెరకు కాటా దగ్గర పనిచేసే పరదేశికి నత్తి. మాట రాబోయే ముందు పెదవులు వణుకుతాయి, వేళ్లు చొక్కా గుండీని తిప్పుతాయి. అందుకే ఇంట్లో పెళ్లాం పైడితల్లి ఏమడిగినా "ఊఁ"తో సరిపెడతాడు. ఇవాళ చోడవరంలో షబ్నమ్ కంప్యూటర్ షాపుకొచ్చి, ఇంట్లో డైరీ రాసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అడిగాడు. ఆ పిల్ల ఏది తెరిచినా గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి అక్షరాలు చూసి తల అడ్డంగా ఊపాడు. పాస్‌వర్డ్ అడిగినవాటిని అసలే వద్దన్నాడు.

"తాళం లేకపోతే ఇంట్లోవోళ్లు సదివేస్తారు కదా బాబాయ్!" అంది షబ్నమ్.

"స... సదవాలనే అమ్మా. పొయ్యి కాణ్ణించి మా పైడితల్లికి అవుపడాల."

షబ్నమ్ అక్షరాలు పెద్దవి చేసి, తనే వెళ్లి గుమ్మంలో, పొయ్యి ముందున్నట్టు గొంతుక్కూర్చుని చూసింది. "అవుపడతన్నాయి, రాయండి."

పరదేశి గుండీ వదిలేశాడు. "పైడితల్లీ, నిన్నటి పులుసు శానా బాగుందే" అని ఎక్కడా ఆగకుండా టైపు కొట్టాడు.