పిన్ని జరిపే ఒక్క గీత

మా పిన్నికి ఉన్నది ఒకటే జబ్బు. తిప్పడానికో జరపడానికో వీలైన వస్తువు కంటపడిందంటే, దాన్ని ఒక గీత అటో ఇటో జరపందే ఆమె చెయ్యి ఊరుకోదు. ఫ్యాను రెగ్యులేటరు కావచ్చు, ఇస్త్రీపెట్టె కావచ్చు, పక్కింటివాళ్ల రేడియో కావచ్చు. జరిపి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, "ఇంకో గీత" అంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ మా బాబాయి ఏ వేగంతో తిరిగే ఫ్యాను కింద పడుకున్నాడో, అదే వేగంతో తిరిగే ఫ్యాను కింద నిద్రలేచిన రోజు లేదు.

ఒకసారి బాబాయి వాళ్లన్నకి ఆపరేషనైతే చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాం. మంచానికి తిప్పే పిడి ఉంది. పిన్ని తలవైపు ఒక గీత లేపి, "ఇప్పుడు సుఖంగా ఉందా బావగారూ?" అంది. ఆయన మొహమాటస్తుడు. "బాగుందమ్మా" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాళ్లవైపు ఒక గీత, తలవైపు ఇంకో గీత, మళ్లీ కాళ్లవైపు. నర్సు వచ్చేసరికి ఆయన దుప్పటితో సహా మడతపడి ఉన్నాడు. "ఎవరు చేశారిది?" అని నర్సు అడిగితే, మడతలోంచే, "మా మరదలు. పాపం, మంచి మనసుతోనే" అన్నాడు.

ఇలాంటి మనిషి చేతికి బొమ్మలు గీసే ఏఐ దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికిందన్నాడు బాబాయి.

మాది ఫొటో స్టూడియో. అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చాక మాకు మిగిలింది పాత ఫొటోలు బాగుచేసే పని. బాబాయి కౌంటర్లో, పిన్ని కంప్యూటరు ముందు, నేను ప్రింటరు దగ్గర. పాడైన ఫొటో లోపలికిచ్చి, పోయిన భాగం ఎలా ఉండేదో మాటల్లో రాస్తే ఏఐ గీసిపెడుతుంది. కానీ దానికి తెరమీద అటూ ఇటూ జరిపే మీటలున్నాయి. పాత ఫొటోని ఎంతవరకు మార్చాలో చెప్పేది ఒకటి. మనం రాసిన మాటకి ఎంత కట్టుబడాలో చెప్పేది ఇంకొకటి. ఇవిగాక సీడ్ అని ఒక నంబరుంటుంది. అది మారిస్తే కొత్త బొమ్మ వస్తుంది. దాన్నీ మిగతావాటినీ కదపకుండా ఉంచితే, ఎన్నిసార్లు నొక్కినా అదే బొమ్మ.

మార్పు మీట ఎక్కువైతే ఏఐ అందరినీ అందగాళ్లని చేస్తుంది. పుట్టుమచ్చలు తీసేస్తుంది, పళ్లు సర్దేస్తుంది. తక్కువైతే మరకలు కూడా మనిషివే అనుకుంటుంది. తేమ మరక చూసి ఒక పెద్దావిడకి నిండుగా గడ్డం పెట్టింది. ఇక మాటకి కట్టుబడే మీట మరీ పైకి జరిపితే మనుషులు కర్రల్లా నిలబడతారు. "చూశావా, మరీ మాటమీద నిలబడితే మెడలు ఇలాగే బిగుసుకుపోతాయి" అని పిన్ని దాన్ని ఒక గీత దించేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆమె చేతిలో ఫొటోలు బతికొచ్చేవి. కాకపోతే అవి స్టూడియో దాటి బయటికి రావడమే కష్టం.

మా స్టూడియో ముందు, రోడ్డుకి ఒక పక్కన బేకరీ, అవతలి పక్కన సైకిల్ షాపు. బేకరీ అన్నది, సైకిల్ షాపు తమ్ముడిది. తల్లి పోయిన ఏడాదే ఇద్దరికీ మాటలు పోయాయి. కారణం ఆమె ఫొటోయే. ఆమెకి ఉన్నది ఆ ఒక్క ఫొటో. అన్న దాన్ని కారే గోడకి తగిలించాడని తమ్ముడు, లామినేషన్ చేయిస్తానని తీసుకెళ్లి చేయించకుండా తెచ్చిచ్చాడని అన్న. నీళ్లు మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా ముఖం సగం చెరిపేశాయి.

ఆ ఫొటో పట్టుకుని అన్న వచ్చాడు. చెవిమీద ఎప్పుడూ ఉండే సిగరెట్టు ఉంది. "అక్కా, మా అమ్మ ముఖం మర్చిపోతున్నాను. కళ్లు మూసుకుంటే ఈ మరకే కనబడుతోంది" అన్నాడు. పిన్ని కుర్చీ ముందుకి లాక్కుంది.

మొదట్లో గీసినవి చూసి అతను "బాగానే ఉంది" అనేసి వెళ్లిపోయేవాడు. ఒకరోజు మాత్రం తెరమీద కొత్త బొమ్మ చూసి చెవిమీది సిగరెట్టు తీసి జేబులో వేసుకున్నాడు. "ముక్కు ఇంకాస్త కోసుగా ఉండేదేమో" అన్నాడు. ఆ బొమ్మ నేను ప్రింటు తీసి సొరుగులో పడేశాను. పిన్ని మీటమీద చెయ్యి వేసి, "ఇంకో గీత. రేపు రా" అంది.

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పిలిపించింది. "మీ అన్న చెప్పిన ముక్కు నేను నమ్మను. నువ్వు చూడు."

"ఆయనకేం తెలుసక్కా" అంటూనే వచ్చాడు. చూశాడు. నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ముక్కు సరే. ఎడమ కనుబొమ కొంచెం పైకుండేది."

"ఇంకో గీత" అంది పిన్ని.

ఇక రోజూ అదే తంతు. పొద్దున అన్న, సాయంత్రం తమ్ముడు. ముక్కు గురించి వచ్చినవాడు, జ్వరమొస్తే అమ్మ నుదుటిమీద చెయ్యి ఎలా వేసేదో చెప్పి వెళ్లేవాడు. మిగతా పనులన్నీ మూలపడ్డాయి. "ఆ మహాతల్లి బతికుండగా కూడా ఫొటోకి ఇంతసేపు కూర్చుని ఉండదు" అన్నాడు బాబాయి. నేనూ పిన్నిమీద విసుక్కున్నాను. ఆమె జబ్బు ముదిరిందనుకున్నాను.

చివరికి ఇద్దరినీ ఒకే వేళకి రమ్మంది. బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు.

"కనుబొమ సంగతి తేల్చండి. ఎడమదా, కుడిదా?"

"కుడిది" అన్నాడు అన్న గోడతో.

"ఎడమది. కోప్పడితే అదే లేచేది" అన్నాడు తమ్ముడు ప్రింటరుతో.

"నామీద కోపమొస్తే కుడిదే లేచేది అక్కా."

"ఈయన మీద ఎప్పుడు కోప్పడింది? బన్ను కూడా పెద్ద ముక్క ఈయనకే."

"ఆ పెద్ద ముక్కలో సగం ఎవడు తిన్నాడ్రా?"

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "లామినేషన్ చేయించకుండా తెచ్చింది నేనే అన్నయ్యా. తర్వాత చూద్దాంలే అనుకున్నాను" అన్నాడు.

అన్న బెంచీమీద కాస్త జరిగాడు. "గోడ కారుతోందని నాకూ తెలుసులే. ఇప్పుడెందుకురా అదంతా."

పిన్ని మీట జరిపి, నొక్కి, తెర వాళ్లవైపు తిప్పింది. ఇద్దరూ ఒకేసారి, "ఇదే" అన్నారు.

వాళ్లు వెళ్లాక ప్రింటు తీశాను. ఎక్కడో చూసినట్టనిపించి, సొరుగులోని పాత ప్రింటు పక్కన పెట్టాను. వెంట్రుక వాసి తేడా లేదు.

"పిన్నీ, ఇన్నాళ్లూ ఏం జరిపావు?"

"వాళ్లు చూస్తుండగా ఒక గీత ముందుకి జరిపాను. నొక్కేముందు వెనక్కి తెచ్చాను. ఆ సీడ్ నంబరు ముట్టుకోలేదు."

"అంటే ఆ రోజే కుదిరిందని నీకు తెలుసా?"

"ఆ బొమ్మ చూడగానే పెద్దాడు చెవిమీద సిగరెట్టు తీసి జేబులో దాచుకున్నాడు. చిన్నాడు నూనె చేతులు తుడుచుకున్నాడు. నోళ్లు ఏవేవో చెప్పాయిగాని, అమ్మ వచ్చిందని వాళ్ల చేతులకి తెలిసిపోయింది" అంది పిన్ని. "మరి రోడ్డు దాటి ఒకరి కొట్లోకి ఒకరు వెళ్లండంటే వెళ్తారా? మెడలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కో గీతా జరపాలి."

ఫొటో బేకరీలో పెట్టారు, సైకిల్ షాపులోంచి కూడా కనబడేటట్టు. మర్నాడు పిన్నీ నేనూ వెళ్లాం. అన్న మమ్మల్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"అక్కా, నీ చేత్తో ఆ ఫొటో ఒక్క గీత అటు తిప్పి పెట్టవా? కొట్లో ఏ మూల నిలబడ్డా నన్నే చూస్తోంది. సిగరెట్టు కాల్చుకునే చోటే లేకుండా పోయింది."

పిన్ని రెండడుగులు వెనక్కి వేసింది. తల పక్కకు వంచి చూసింది. ఆ చెయ్యి లేవడం నేను చూశాను. లేచిన చెయ్యి వెనక్కి వెళ్లి కొంగులో దూరింది.

"ఎందుకు నాయనా, సరిగ్గానే ఉంది" అంది.