గోనెసంచి మీద పడని కాలు

మా చిన్నప్పుడు... అవతలి జట్టువాళ్లు నేలమీద విడిచిపోయిన గ్లౌజులో చెయ్యి పెడితే లోపల తడిగా తగిలేది. వాళ్ల చెమట. మొహం పక్కకు తిప్పుకొని తొడుక్కునేవాళ్లం...

బేస్‌బాల్ ముచ్చట చెప్తున్నాను. నిజామాబాద్ వైపు మా చిన్న టౌన్లో సర్కారు జూనియర్ కాలేజీ గ్రౌండులో ఆడేవాళ్లం. పీఈటీ సారు సున్నంతో గీతలు గీసి, ఇసుక నింపిన గోనెసంచులు మూలమూలకూ పెట్టించేవారు. అవే మా బేస్‌లు. కాలేజీకి బ్యాట్ ఉంది, బంతులున్నాయి, గ్లౌజులు మాత్రం అందరికీ లేవు. అందుకని ఒక ఆనవాయితీ... ఫీల్డింగ్ అయిపోయినవాళ్లు గ్లౌజులు అక్కడే పెట్టి పోవాలి, తర్వాత వచ్చేవాళ్లు తొడుక్కోవాలి.

మాకు ఎప్పుడూ ఎదురుపడేది టౌన్ టీమ్. చదువులు అయిపోయిన పెద్దోళ్లు. ఒక రైస్ మిల్లు సేటు వాళ్లను సాకేవాడు. బూట్లు, గ్లౌజులు, పొద్దున్నే పాలు, గుడ్లు, మిల్లులో పేరుకు ఒక పని... ఆడటమే వాళ్ల డ్యూటీ. మేమేమో బీడీలు చుట్టే తల్లుల పిల్లలం. వట్టికాళ్లతో ఉరికేవాళ్లం.

ఆ రోజు గెలిచిన జట్టు జిల్లా పోటీలకు పోతుంది. గంగాధర్‌కు అది కావాలి. వాడు నా దోస్తు, మా వాడకట్టే. జిల్లాకు ఆడితే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా పనికొస్తుందని సారు చెప్పినప్పటి నుంచి వాడికి వేరే ధ్యాస లేదు.

మాకు చివరి బ్యాటింగ్. స్కోరు సమానం. ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు ఔటైతే మా బ్యాటింగ్ అయిపోయినట్టే. గంగాధర్ మూడో బేస్ మీద ఉన్నాడు, హోంకు, అంటే బ్యాట్ పట్టి నిలబడే చోటుకు, వస్తే పరుగు. బ్యాట్ నా చేతిలో ఉంది.

"కొట్టినంక బ్యాట్ ఇడ్సిపెట్టురా. ఉరికి సంచి మీద కాలు పెట్టు, అంతే," అన్నారు సారు. ఎప్పుడూ చెప్పే మాటే.

కొట్టాను. బంతి నేలబారుగా పోయింది. గంగాధర్ ఉరికాడు, నేనూ ఉరికాను... గల్లీల్లో క్రికెట్ ఆడి పెరిగిన ఒళ్లు కదా, బ్యాట్ చేతిలోనే ఉండిపోయింది. ఫస్ట్ బేస్ దగ్గర వంగి, బ్యాట్ చాపి, దాని కొసను గోనెసంచికి ఆనించి నిలబడిపోయాను. క్రీజులో పెట్టినట్టు. నా కాలు సంచికి జానెడు దూరంలో ఉంది.

వాళ్లవాడు బంతి అందుకొని తాపీగా సంచి మీద కాలు పెట్టాడు. నేను ఔట్.

అటు గంగాధర్ నేలమీద జారుకుంటూ హోం చేరాడు. మోకాలు చెక్కుకుపోయింది. లేచి రెండు చేతులూ ఎత్తి నవ్వుతున్నాడు... మూడో ఔట్ ఫస్ట్ బేస్ దగ్గర పడితే, హోం చేరినవాడి పరుగు కూడా చెల్లదు. ఆ సంగతి వాడికి ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఆ చేతులు మెల్లగా కిందికి దిగడం చూశాను.

సేటు కుర్చీలోంచి అన్నాడు. "గ్లౌజులు మావి, గ్రౌండు సర్కారుది, ఆడింది క్రికెట్... ఇగ వీళ్లదేమున్నదిరా ఇందుల?"

గ్రౌండంతా నవ్వింది. స్కోరు సమానమే కాబట్టి చెరో బ్యాటింగ్ ఇంకా ఉంది. ఆ నవ్వుల మధ్యే వాళ్లు విడిచిపోయిన తడి గ్లౌజు తొడుక్కొని ఫీల్డింగుకు నిలబడ్డాను. వాళ్లు ఒక పరుగు తీశారు, మేం తీయలేకపోయాం.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఒళ్లో బీడీల చాటతో గడపలో కూర్చుంది. "గెల్సిండ్రా బిడ్డా?" అంది.

"ఓడినం పెద్దమ్మా. మనోడు మాత్రం మస్తు కొట్టిండు," అన్నాడు నా వెనకే వచ్చిన గంగాధర్. మోకాలి మీద రక్తం ఇంకా ఆరలేదు. వాడు నన్ను బూతులు తిట్టినా బాగుండేది...

అప్పటి నుంచి టౌన్లో నా పేరు క్రీజు. గంగాధర్ పోలీసు కాలేదు, స్కూలు ఆటో నడుపుతున్నాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద పోయినప్పుడల్లా బస్టాండుకు వాడే వస్తాడు. దారి పొడుగునా అన్నీ మాట్లాడతాడు, ఆ మ్యాచ్ ఒక్కటి తప్ప. నేను బయటికి చూస్తూ కూర్చుంటాను.

మొన్న ఎవడో కాలేజీ గ్రూపులో మా జట్టు ఫొటో పెట్టాడు. "క్రీజు ఏడ వోయిండురా?" అని ఒకడు. "దుబాయ్‌ల బ్యాట్ వట్టుకొని ఉర్కుతుండు," అని ఇంకొకడు. ఒరేయ్, ఇది దుబాయ్ కాదు, ఖతర్. నవ్వండి. కానీ పాలూ గుడ్లూ తిని బూట్లేసుకున్నోళ్ల మీద వట్టికాళ్లతో సమానం దాకా వచ్చాం... అది ఒక్కడికీ యాదికి లేదా? గంగాధర్ చూశాడు. ఏమీ రాయలేదు.

పోయిన శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్‌లో మా లేబర్ క్యాంప్ వెనక ఖాళీ జాగాలో ఫిలిప్పీనోలు ఇదే ఆట ఆడుతున్నారు. వాళ్లలో ఉన్న మా ఫోర్‌మన్ నన్ను చూశాడు. "భాయ్, ఏక్ ఆద్మీ మాఫీ. ఖేలేగా?" ఒక మనిషి తక్కువయ్యాడట, ఆడతావా అని. రాదని చెప్పబోయాను. బ్యాట్ తెచ్చి చేతిలో పెట్టాడు. "యల్లా," పద అన్నాడు.

కొట్టాను. కాలుతున్న పెనాన్ని వదిలేసినట్టు బ్యాట్ అక్కడే వదిలేశాను. ఉరికి, బేస్ మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను. "సేఫ్" అన్నారు. వెంటనే తల తిప్పి హోం వైపు చూశాను, ఎవడో మోకాళ్ల మీద జారుకుంటూ రావాలన్నట్టు...

ఎవరూ రాలేదు. మూడో బేస్ మీద మనిషే లేడు.

ఇప్పుడు మా గ్రౌండులో సగం ఫంక్షన్ హాలు బండ్లు ఆపుకునే జాగా అయింది. ఆడే కొద్దిమందీ ఎవరి గ్లౌజు వాళ్లే కొనుక్కుంటున్నారట. మంచిదే, ఆ తడి ఎవడికీ తగలొద్దు...

మీ వల్ల చెల్లకుండా పోయిన పరుగు ఏదైనా ఉంటే, అది ఎవరిదో, వాళ్ల పేరు ఈ పోస్టు కింద రాయండి. గంగాధర్, నువ్వు మాత్రం ఏం రాయకు. ఎప్పటిలాగే బస్టాండుకు రా. ఈసారి ఆ ముచ్చట నేనే తీస్తాను.